ఆకు, పొలుసు, పందొమ్మిది ఓట్లు

టామరాక్ మిల్స్ పట్టణ పరిధిలో పది అంగుళాలు దాటి పెరిగే హక్కు మనుషులకూ, చెట్లకూ, జెండా స్తంభాలకూ మాత్రమే ఉందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మిగతాది ఏది పెరిగినా కలుపే. దాన్ని ఇంటివారు వారం రోజుల్లో కోయించుకోవాలి. కోయించుకోని పక్షంలో పట్టణ సభవారే దయతో వచ్చి కోసిపెడతారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం మొత్తం మీద ఇంత చక్కగా దువ్వినట్టుండే ఊరు మరొకటి లేదని ఆ ఊరివాళ్ల నమ్మకం. పక్క ఊళ్లవాళ్లు కూడా మర్యాద కొద్దీ కాదనరు.

సెప్టెంబరు రెండో వారంలో ఈ మేరకు ఒక నోటీసు ఆర్డిస్ టోర్వాల్డ్ ఇంటికి వచ్చింది. ఆర్డిస్‌కి డెబ్బై నాలుగేళ్లు. అందులో ముప్ఫై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. ఆమె దారిలో ఆఖరి మజిలీ పాత వెన్న ఫ్యాక్టరీ మలుపు. ఆ మలుపులో ఉండే పిల్లలకు ఏ రోజూ రెండో బూటు కనబడేది కాదు. వాళ్లు వెతుక్కుని వచ్చేదాకా ఆర్డిస్ బస్సాపి కిటికీలోంచి రోడ్డు పక్క గుంటలో పూసిన పూలను చూస్తూ కూర్చునేది. ప్రతి సెప్టెంబరూ అవే పూలు. నాలుగేళ్ల కిందట ఆ రోడ్డు వెడల్పు చేస్తారని తెలిసి, యంత్రాలు రావడానికి ముందురోజు వెళ్లి, గడ్డపారతో తవ్వి, రెండు పాల బకెట్లలో వాటిని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడవి వంటింటి కిటికీ ఎదుట పదకొండు కాండాలుగా ఛాతీ ఎత్తున నిలబడ్డాయి. పొద్దున్నే కాఫీ కప్పుతో వాటి ఎదుట కూర్చోకపోతే ఆమెకు రోజు మొదలైనట్టుండదు. వాటి పేరు మాత్రం ఆమెకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఇన్నాళ్లూ ఏ లోటూ జరగలేదు.

నోటీసు తెచ్చినవాడు పట్టణ తనిఖీ అధికారి కర్టిస్ బ్యూలో. నలభై రెండేళ్లవాడు, కొలబద్ద పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి మిసెస్ టోర్వాల్డ్. ఎవరో ఫోన్ చేసి చెప్పారు."

"ఎవరో నాకు తెలుసులే. లోపలికి రా. నా బస్సులో వెనక సీట్లో కూర్చుని అరటితొక్కలు కిటికీలోంచి విసిరేవాడివి. ఇవాళ నా వాకిలి శుభ్రం చెయ్యడానికొచ్చావట్రా?"

కర్టిస్ చెవులు ఎర్రబడ్డాయి. అతను చెడ్డవాడు కాడు. నోటీసు వెనకవైపు సన్నక్షరాల్లో ఉన్న మినహాయింపును తనే వేలు పెట్టి చూపించాడు. సదరు మొక్క ఈ నేలమీద సహజంగా పుట్టిన అడవిపూల మొక్క అని, గుర్తింపు పొందిన సంఘం ఏదైనా లిఖితపూర్వకంగా నిర్ధారిస్తే, దాని ఎత్తు విషయంలో పట్టణ సభ కళ్లు మూసుకుంటుంది.

"శుక్రవారం లోపల ఆ కాగితం తెచ్చుకోండి. నాకు మాత్రం వీటిని కోయాలనుందా?"

గుర్తింపు పొందిన సంఘం ఊళ్లోనే ఉంది. దాని పేరు అడవిపూల పరిచయ సంఘం. సభ్యులు పందొమ్మిది మంది, అందరూ తలలు పండినవాళ్లు. ఇంతటి క్రమశిక్షణ గల సంస్థ ఆ చుట్టుపక్కల చర్చీల్లో కూడా లేదు. చామంతి కుటుంబంలోని అడవిపూలను పువ్వు చూసి పోల్చుకోవడం వాళ్ల దృష్టిలో పెద్ద మొరటుతనం. పువ్వు చూసి ఆనందించేవాళ్లు కారులో పోతూ చూసేవాళ్లు. తెలిసినవాళ్లు ముందు ఆకు చూస్తారు. ఆకు కాండాన్ని రెండు చేతులా కావలించుకుందా, ఒక చెయ్యే వేసిందా, లేక తొడిమ సాచి మర్యాదగా దూరం పాటించిందా అన్నది తేల్చుకుంటారు. ఆ తర్వాత పువ్వును తలకిందులు చేసి, దాని అడుగున వరసలు వరసలుగా పేర్చినట్టుండే పొలుసులను భూతద్దంలో చూస్తారు. పొలుసు కొన ఒదిగి ఉందా, బయటికి ముడుచుకుందా, దానికి జిగురు ఉందా, నూగు ఉందా అని చూస్తారు. ఇంత చూశాక పువ్వును మళ్లీ నిటారుగా తిప్పి చూసే ఓపిక ఎవరికీ మిగలదు. ఆ అవసరమూ లేదు.

సంఘానికి ఇద్దరు పెద్దలు. ఒకరు డాక్టర్ ఎల్వుడ్ హాగెన్, విశ్రాంత దంతవైద్యుడు. నలభై ఏళ్లు జనం నోళ్లలోకి చూసిన తలదీపాన్నీ, కళ్లద్దాలకు తగిలించుకునే భూతద్దాలనూ ఇప్పుడు పూల కిందకు తిప్పాడు. ఆయనది ఆకు పక్షం. రెండోవారు మిస్ కొరలీ బ్రాంట్, గ్రంథాలయంలో పుస్తకాలకు అంకెలు వేసి పదవీ విరమణ చేసిన మనిషి. ఆమెది పొలుసు పక్షం. ఆరేళ్ల కిందట ఒక ముళ్లచెట్టు విషయంలో వచ్చిన భేదాభిప్రాయం వల్ల ఈ రెండు పక్షాలవాళ్లు చర్చి విందులో నేటికీ వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటారు. ఒకళ్లు ఇంట్లో కాల్చి తెచ్చిన హాట్‌డిష్ వంటకం మరొకళ్లు ముట్టరు.

గురువారం మధ్యాహ్నం పందొమ్మిది మందీ మోకాళ్ల కింద వేసుకునే దిండ్లతో సహా ఆర్డిస్ వాకిట్లో దిగారు. ఆర్డిస్ రెండు కెటిళ్ల కాఫీ కాచింది. రూబార్బ్ అనే పుల్లటి కాడలతో తీపి బిళ్లలు చేసి పళ్లెంలో పెట్టింది. అతిథులు ముమ్మారు వద్దని, నాలుగోసారి తీసుకున్నారు. అక్కడివరకూ అంతా శాస్త్రోక్తంగానే జరిగింది.

సంఘం నియమావళి గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఆకు విషయంలో గానీ పొలుసు విషయంలో గానీ ఏ సభ్యుడూ మరొక సభ్యుడి కళ్లను నమ్మరాదు. ఎవరి నమూనా వాళ్లే కోసుకుని, ఎవరి భూతద్దంతో వాళ్లే చూసి, మొక్క ఏ రకమో ఓటు వెయ్యాలి. ఒట్టి ఓటు చెల్లదు. ఓటు చీటీ మీద సాక్ష్యంగా కాండం అడుగునుంచి ఒక ఆకు, నడుమనుంచి ఒకటి, పైనుంచి ఒకటి అంటించాలి. ఒక్క పువ్వుతో ఏదీ రుజువు కాదు కనుక అయిదు పూలు జతచెయ్యాలి. ఇంత నిష్పక్షపాతమైన ఎన్నికల పద్ధతి దేశ రాజధానిలో కూడా అమల్లో లేదు.

మొదటి విడత లెక్కిస్తే ఆకు పక్షానికి తొమ్మిది, పొలుసు పక్షానికి తొమ్మిది వచ్చాయి. ఒక చీటీకి రూబార్బ్ అంటుకుని ఉండడం వల్ల చెల్లలేదు.

"ఆకు కావలించుకుంది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది" అన్నాడు డాక్టర్ హాగెన్, నుదుటి దీపం వెలిగించుకుని.

"మీరు ఆకును చూసే తీరు చూస్తే నా పై పన్ను మీరు ఎలా పీకారో ఇప్పుడు అర్థమవుతోంది డాక్టరు గారూ. పక్క పన్ను పీకారు" అంది కొరలీ. "పొలుసు ముడుచుకుంది. కావాలంటే తాజాగా కోసుకుని చూడండి. మీ చేతి వేడికి ముందువి వాడిపోయాయి."

తాజాగా కోసుకున్నారు. రెండో విడత మొదలైంది. పూల మీద వాలి విచారణకు అడ్డు తగులుతున్న ఒక తుమ్మెదను క్రమశిక్షణ చర్య కింద మూడుసార్లు వాకిలి దాటించారు.

ఆర్డిస్ మెట్ల మీద కాఫీ కెటిల్ పట్టుకుని నిలబడి ఇదంతా చూసింది. ఆమె గుండె చెరువైపోతూనే ఉంది. కానీ ఆ ఊళ్లో పుట్టినవాళ్లు ఇంటికొచ్చినవాళ్లను "ఆగండి" అనరు. "వద్దు" అనడం తన్నడం కిందే లెక్క. ఎంతో కష్టం కలిగితే ఒక మాటంటారు. ఆ మాట విన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఆర్డిస్ గొంతు సవరించుకుని ఆ మాటే అంది.

"అదో రకంగా ఉందే, డాక్టరు గారూ!"

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకు పెళ్లి విందులు ఆగిపోయేవి. కానీ ఆ సమయంలో పందొమ్మిది తలలూ పొదలో ఉన్నాయి.

"అవునమ్మా, అదో రకమే! ఏ రకమో తేలుస్తున్నాం" అన్నాడు డాక్టర్ సంతోషంగా.

ఆమె కొరలీ పక్కకు వెళ్లి వంగింది. "ఒక సంగతి చెప్పు కొరలీ. మీ ఇద్దరూ చెప్పే రెండు రకాల్లో ఇక్కడిది కానిది ఏది?"

"రెండూ ఇక్కడివే. మంచుయుగం ముగిసినప్పటినుంచీ ఇక్కడే ఉన్నాయి."

"మరి ఇక్కడివని రాసిచ్చేస్తే సరిపోదా?"

కొరలీ భూతద్దం దించి ఆమె వైపు జాలిగా చూసింది. "పత్రంలో పేరుకు ఒక గీత ఉందమ్మా. గీత ఖాళీగా వదిలేస్తే ఎలా?"

గీతలను ఖాళీగా వదిలే సంఘం కాదది. మూడో విడతలో ఆకు పక్షం నుంచి ఇద్దరు, చలి పెరుగుతున్న కారణంగా, పొలుసు పక్షానికి మారారు. పొద్దువాలే వేళకు తీర్పు వెలువడింది. అధ్యక్షుడి హోదాలో డాక్టర్ హాగెన్ ఓటమిని దిగమింగుకుని, మోకాలి దిండు మీదనే నిలబడి ఉపన్యసించాడు.

"మిత్రులారా! ఈ నేల సంపదను కాపాడడంలో మన సంఘం ఏనాడూ వెనకాడలేదు. నేడు ఈ అమూల్యమైన మొక్కకు మనం పేరిచ్చాం, రక్షణ ఇచ్చాం. రాబోయే తరాలు దీన్ని చూసి మనల్ని తలుచుకుంటాయి!"

అందరూ తొడుగులున్న చేతులతో చప్పట్లు కొట్టారు. పన్నెండు పేజీల నివేదిక, ముద్ర వేసిన పత్రం ఆర్డిస్ చేతికి వచ్చాయి. చీటీలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశారు. కార్లు వెళ్లిపోయాక ఆర్డిస్ వాకిట్లోకి చూసింది. పదకొండు కాండాలు ఛాతీ ఎత్తున నిలబడి ఉన్నాయి. వాటికి ఒక్క ఆకు లేదు. ఒక్క పువ్వు లేదు.

శుక్రవారం పొద్దున కర్టిస్ వచ్చాడు. పత్రం పైనుంచి కిందికి చదివాడు. వాకిట్లోకి చూశాడు. మళ్లీ చదివాడు.

"మిసెస్ టోర్వాల్డ్, ఇందులో ఆకులు కాండాన్ని పట్టుకుని ఉంటాయని రాసుంది."

"రాసుంది."

"పువ్వు కింద పొలుసులు ముడుచుకుని ఉంటాయని రాసుంది. ఇక్కడేమో పుల్లలున్నాయి. ఈ కాగితం ఈ పుల్లలదేనని నేను పైవాళ్లకు ఎలా చెప్పను?"

ఆర్డిస్ ఫోన్ చేసింది. పావుగంటలో డాక్టర్ హాగెన్, కొరలీ బ్రాంట్ చెరో కారులో వచ్చారు. ఇద్దరూ దిండ్లు పరుచుకుని వంగారు. తలదీపం వెలిగింది. భూతద్దాలు పుల్లల పొడవునా పైకీ కిందికీ ప్రయాణించాయి. తర్వాత ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆరేళ్లలో అదే మొదటిసారి.

"ఆకు లేకుండా చెప్పలేం" అన్నాడు డాక్టర్.

"పొలుసు లేకుండా అసలు చెప్పలేం" అంది కొరలీ.

"నిన్న చెప్పింది మీరేగా!" అన్నాడు కర్టిస్.

"నిన్న మేం చెప్పిన మొక్కకు ఆకులున్నాయి నాయనా. ఇది అదేనని ఊహించడం శాస్త్రం కాదు" అన్నాడు డాక్టర్.

"మరి చీటీల మీద అంటించినవి?"

"అవి అసలు మొక్కవే. అందులో సందేహం లేదు. కానీ ఆ మొక్క ఇదేనని చీటీల్లో ఎవరూ రాయలేదు" అంది కొరలీ. సంఘం చరిత్రలో ఏకగ్రీవంగా జరిగిన మొదటి తీర్మానం ఇదే కావడం గమనార్హం. డాక్టర్ ఆమెకు చెయ్యిచ్చి దిండు మీదనుంచి లేపాడు. ఆ ఆదివారం చర్చి విందులో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని, ఆయన ఆమె హాట్‌డిష్ రెండోసారి కూడా వడ్డించుకున్నాడని నమ్మకంగా తెలుస్తోంది.

కర్టిస్ గడ్డి కోసే యంత్రం దించాడు. చాలాసేపు దాని తాడు లాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. "వేర్లుంటాయి మిసెస్ టోర్వాల్డ్. వచ్చే ఏడు మళ్లీ వస్తాయి" అన్నాడు నేల చూస్తూ. తర్వాత లాగాడు. పదకొండు పుల్లలకు అర నిమిషం కూడా పట్టలేదు. వాకిలి పట్టణ సభ కోరినట్టే దువ్వినట్టయింది.

డాక్టరూ కొరలీ కార్ల వైపు నడుస్తుంటే ఆర్డిస్ వెనకనుంచి పిలిచింది. ఆమెకు కోపం వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నిండా పిల్లలతో వేగినప్పుడు రాని కోపం వచ్చింది.

"నిన్న పందొమ్మిది మంది నాలుగు గంటలసేపు ఆ పూలలో మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. పన్నెండు పేజీలు రాసుకున్నారు. ఒక్క ముక్క చెప్పి వెళ్లండి. అవి ఏ రంగు?"

డాక్టర్ హాగెన్ కొరలీ వైపు చూశాడు. కొరలీ ఆర్డిస్ చేతిలోని నివేదిక అందుకుని తిరగేసింది. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా తిరగేసింది.

"రంగును బట్టి ఏమీ నిర్ధారించలేమమ్మా" అంది చివరికి, కొంచెం నెమ్మదిగా.

ఇంతటి పండితులు ఇలా ఎలా మరిచారని మీరు నవ్వుకుంటూ ఉంటారు. నవ్వవచ్చు, అభ్యంతరం లేదు. కానీ ఆకు సంగతి అయ్యాక పొలుసు సంగతి, పొలుసు సంగతి అయ్యాక ఓట్ల సంగతి ఇంత శ్రద్ధగా చదువుకుంటూ వచ్చారు గదా. ఆర్డిస్ అడిగేదాకా ఆ మాట మీరూ అడగలేదు.