అరవై ఏడో ప్రశ్నకు సరైన జవాబు

అరవై ఏడో ప్రశ్నకు ఒక అభ్యర్థి సరైన జవాబు రాసినట్టు ఉదయం పదకొండుంబావుకి నియామక మండలి మూల్యాంకన విభాగంలో బయటపడింది.

మొదట యంత్రం లోపమనుకున్నారు. దాన్ని ఆపి, తుడిచి, చల్లారనిచ్చి, మళ్లీ నడిపారు. ఫలితం మారలేదు. పరీక్ష రాసినవారు రెండు లక్షల పద్నాలుగు వేల ఆరువందల ముగ్గురు. తప్పు రాసినవారు రెండు లక్షల పద్నాలుగు వేల ఆరువందల ఇద్దరు. విభాగం పర్యవేక్షకురాలు ముఖం కడుక్కొచ్చి ఇంకోసారి చూసుకుని, తలుపు గడియ పెట్టించి, చైర్మన్‌కు ఫోను చేసింది.

"సార్, ఒకడు తప్పించుకున్నాడు."

పాఠకులు కంగారు పడకుండా ఆ ప్రశ్నేమిటో ముందే చెప్పేస్తాను. గొడుగులన్నీ గేదెలు. కొన్ని గేదెలు గుమాస్తాలు. కాబట్టి కొన్ని గొడుగులు గుమాస్తాలు. ఈ తీర్మానం చెల్లుతుందా, చెల్లదా? ప్రశ్నకు పైన మండలి వారి సూచన కూడా ఉంది: ‘ఇచ్చిన ప్రకటనలు లోకంలో అందరికీ తెలిసిన విషయాలకు విరుద్ధంగా ఉన్ననూ నిజములేనని భావించవలెను.’ ఇందులో వింతేమీ లేదు. ఆఫీసుల్లో చేరబోయేవాళ్లకు ఈ అలవాటు ముందునుంచే ఉంటే పై అధికారులకు శ్రమ తగ్గుతుంది.

ఇలాంటి ప్రశ్నలకు మన కాలపు మహామేధావి సూత్రాల మాస్టారు ఏనాడో మందు కనిపెట్టారు. ఆయన శిక్షణ కేంద్రంలో ఒక్కో విడతకు ఆరువందల మంది. మైకు పట్టుకుని ఆయన "అన్నీ, కొన్నీ కలిస్తే?" అంటారు. ఆరువందల మంది చప్పట్లు కొడుతూ "కొన్నీ!" అంటారు. భవనం కింద మందుల దుకాణంలో సీసాలు గలగలమంటాయి. ప్రశ్నకు నాలుగు సెకన్లు. మొదటి మాట చూడు, రెండో మాట చూడు, గుండ్రం దిద్దు. మధ్యలో గేదెలున్నాయా గుమాస్తాలున్నారా అన్నది చదివేవాడు వెనకబడతాడు. ఆ సూత్రం ఎక్కడిదని ఒకరిద్దరు అడిగారట. అడిగినవాళ్లకు చివరి వరసలో సీటిచ్చారు. అక్కడికి మైకు వినపడదు.

కాబట్టి దేశం దేశమంతా ‘చెల్లుతుంది’ అని దిద్దింది. సీలు వేసిన జవాబుల పట్టికలో మాత్రం ‘చెల్లదు’ అని ఉంది. ప్రశ్న తయారుచేసిన పెద్దమనిషిని అడుగుదామంటే, ఆయనెవరో ఎవరికీ తెలియకూడదని నిబంధన. మండలి దాన్ని ఎంత నిష్ఠగా పాటించిందంటే ఆయనెవరో మండలికి కూడా తెలియదు.

చైర్మన్ అత్యవసర సమావేశం పెట్టి గంభీరంగా ప్రసంగించాడు.

"మిత్రులారా! రెండు లక్షల పద్నాలుగు వేల మంది యువతీయువకులు కులమతాలకు అతీతంగా ఒకే జవాబు దిద్దారు. ఇంతటి ఐకమత్యాన్ని నా సర్వీసులో చూడలేదు. దాన్ని ఒక్కడు భగ్నం చేశాడు. సీలు కవర్లో ఉన్న జవాబు బయటివాడికి ఎలా తెలిసింది? మన పేపరు లీకైంది!"

విచారణాధికారిని నియమించారు. ఆయన రిటైరైన పోలీసు. ముప్పై ఒక్క కేసుల్లో నేరాంగీకారం రాబట్టినవాడు. వాటిలో నాలుగింటిలో నేరం కూడా జరిగింది. ఆయన వచ్చీరాగానే నల్లబల్ల తెప్పించి ఇలా రాశాడు:

దొంగలందరూ మనుషులు. కొందరు మనుషులు ‘చెల్లదు’ అని దిద్దారు. కాబట్టి కొందరు దొంగలు ‘చెల్లదు’ అని దిద్దారు. దిద్దినవాడు ఒక్కడే. కాబట్టి వాడే దొంగ.

సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ ఇద్దరు "కొన్నీ!" అని కూడా అరిచారు.

ఇక మిగిలింది వాణ్ణి పట్టుకోవడమే. హాల్ టికెట్టు మీద చిరునామా ఉంది కాబట్టి, విస్తృతమైన గాలింపు తర్వాత మూడో రోజున ఆ చిరునామాకే వెళ్లారు. అది ఒక విద్యార్థుల హాస్టలు వంటగది. నిందితుడు అక్కడ వంటాయన, కాపురం ఆ వెనక గదుల్లోనే. పదహారేళ్లుగా పొయ్యి ముందు నిలబడి నిలబడి రొమ్ములోకి పొగ పట్టింది. ఇంకో రెండేళ్లు ఇలాగే సాగితే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. జూనియర్ అసిస్టెంటు ఉద్యోగమొస్తే కిటికీ పక్క కుర్చీ, పొగ లేని గాలి. వయోపరిమితికి ఇదే చివరి ఏడాది. ఆ ఒక్క ప్రశ్న మార్కుతోనే అతను నాలుగువందల పోస్టుల్లో నాలుగువందలవ పోస్టుకు ఎంపికయ్యాడు.

సోదాలో భయంకరమైన సాక్ష్యం దొరికింది. ఇల్లంతా వెతికినా ఒక్క గైడూ లేదు. ఒక్క సూత్రాల చార్టూ లేదు. ఇంత శుభ్రంగా మాయం చేశాడంటే వెనక పెద్ద ముఠాయే ఉండాలని అధికారి నోట్ చేసుకున్నాడు. పైగా అతని ప్రశ్నపత్రం అంచున పెన్సిలుతో గీసిన మూడు సున్నాలు కనిపించాయి. పెద్ద సున్నాలో చిన్న సున్నా, పెద్దదాని అంచుమీదికి ఎక్కుతూ ఇంకోటి. అది ఏ రహస్య సంఘం గుర్తో తేల్చడానికి నిపుణుణ్ణి పిలిచారు. సున్నాలు గీయడం వచ్చిన వ్యక్తే వీటిని గీసి ఉండాలని ఆయన ధ్రువీకరించాడు.

"నిజం చెప్పవయ్యా, జవాబు ఎవరు చెప్పారు?" అన్నాడు అధికారి.

"ఎవరూ చెప్పలేదండీ. ప్రశ్నలోనే ఉంది," అన్నాడు వంటాయన దగ్గుతూ.

"ప్రశ్న నువ్వెందుకు చూశావు?"

"పరీక్ష కదండీ!"

వంటాయన బావమరిది ఆ మాట విని నెత్తి కొట్టుకున్నాడు. అతను మూడేళ్లు మాస్టారి దగ్గర మొదటి వరసలో కూర్చుని, ఇదే పరీక్ష రాసి, నాలుగు సెకన్లలో తప్పు దిద్దినవాడు.

"బావా, నా పరువు తీశావు కదా! ఇంతమందికి రానిది నీ ఒక్కడికీ వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? అందరితోపాటు తప్పు రాస్తే ఏం పోయేది నీకు?"

"ఉద్యోగం పోయేదిరా."

"ఇప్పుడేమన్నా వచ్చిందా?"

"నువ్వు నోర్ముయ్యరా," అంది వంటాయన భార్య గరిటె చూపిస్తూ. "మీ బావ గేదె గురించి ఏదో అన్నాడు. అంతేగా? ఎవరి గేదెనీ తోలుకుపోలేదుగా!"

మర్నాడు అతన్ని మండలి ముందు నిలబెట్టారు. నువ్వే రాశావనడానికి రుజువేమిటని అడిగితే, వంటాయన సంచిలోంచి రెండు పళ్లేలూ ఒక మూతా తీసి చైర్మన్ బల్ల మీద పెట్టాడు.

"ఈ పెద్ద పళ్లెం గేదెలండీ. ఈ చిన్నది గొడుగులు. గొడుగులన్నీ గేదెలే అన్నారు కాబట్టి చిన్నదాన్ని పెద్దదాంట్లో పెట్టాను. ఈ మూత గుమాస్తాలు. కొన్ని గేదెలే కదండీ గుమాస్తాలు? మూత ఇలా పెద్ద పళ్లెం అంచుమీదికి ఎక్కితే చాలు. చిన్నదాన్ని తాకాలని మీరెక్కడా రాయలేదు. తాకితే తాకొచ్చు. తాకితీరాలని లేదు."

ఒక సభ్యుడు పళ్లేల వైపు చూసి, ఏదో అర్థమవుతున్నట్టనిపించి, వెంటనే కళ్లు మూసుకున్నాడు. చైర్మన్ మంచినీళ్లు తాగాడు. విచారణాధికారి ఎందుకో నల్లబల్ల మీద తన రాతను చేత్తో చెరిపేయబోయాడు.

సరిగ్గా అప్పుడు, నిపుణుడి హోదాలో పిలిపించిన సూత్రాల మాస్టారు లోపలికొచ్చారు.

"ఏమిటిది? నా సూత్రం తప్పా?" ఆయన కంఠానికి మైకు అక్కర్లేదు. "పాతికేళ్లుగా ఎంతమందిని ఆఫీసర్లను చేసిందో తెలుసా ఆ సూత్రం? ఈ గదిలో దాంతో కుర్చీ ఎక్కనివాళ్లు ఎవరో చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. చైర్మన్ చెయ్యి నీళ్ల గ్లాసు మీదినుంచి కూడా లేవలేదు. వంటాయన ఒక్కడూ ఎత్తాడు గానీ, అతనికి కుర్చీ వెయ్యలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

సమస్య ఇప్పుడు జటిలమైంది. వంటాయన దొంగైతే పేపరు లీకైనట్టు, పరీక్ష రద్దు. దొంగ కాకపోతే రెండు లక్షల పద్నాలుగు వేల మందీ, మాస్టారూ, మండలీ కలిసి తప్పయినట్టు. మండలి న్యాయసలహాదారు రెండు గంటలు తర్జనభర్జన పడి మూడో దారి కనిపెట్టాడు. ఇది లీకూ కాదు, తప్పూ కాదు. ఒక వ్యక్తి క్షణికావేశంలో చేసిన పొరపాటు. అతను దాన్ని రాతపూర్వకంగా ఒప్పుకుని, మళ్లీ చేయనని హామీ ఇస్తే, మానవతా దృక్పథంతో ఉద్యోగం ఇవ్వవచ్చు. ఇలాంటి లక్షణాలు ఆఫీసు వాతావరణంలో ఏడాదిలోపే తగ్గిపోతాయని వైద్యాధికారి ఉచితంగా సర్టిఫికెట్టు ఇచ్చాడు.

వంటాయన కాసేపు తల అడ్డంగా ఊపాడు.

"నేను చేసింది ఒప్పే కదండీ. తప్పని ఎలా రాసివ్వను?"

భార్య అతని చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లింది.

"ఇదిగో, ఒక్కటే అడుగుతాను. నీకు గేదెలు ముఖ్యమా, నీ ఊపిరి ముఖ్యమా?"

"అది కాదే, చిన్న పళ్లెం మూతని తాకనప్పుడు..."

"రాత్రిళ్లు నువ్వు దగ్గుతుంటే లేచి కూర్చునేది నేను. ఆ మాస్టారు కాదు, ఆ చైర్మన్ కాదు. సంతకం పెట్టు. ఇంటికొచ్చాక నాకు చెప్పు, ఎన్ని పళ్లేలు కావాలంటే అన్ని ముందేసుకుని వింటాను."

వంటాయన లోపలికొచ్చి కాగితం అడిగాడు. గుమాస్తా ముసాయిదా ఇవ్వబోతే, తన మాటల్లో తానే రాస్తానన్నాడు. ఆ అంగీకార పత్రాన్ని మండలి వారి అనుమతితో ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"అయ్యా, నేను హాస్టలు వంటవాణ్ణి. నా పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, మా ఆవిడ బలవంతం మీద రాసి ఇస్తున్నాను. పరీక్షరోజు ఉదయం పదిన్నరకి అరవై ఏడో ప్రశ్న చదివాను. అర్థం కాక మళ్లీ చదివాను. పక్కన మూడు సున్నాలు గీసుకున్నాను. ఆ తర్వాత దాదాపు రెండు నిమిషాలపాటు ఆలోచించాను. ఆలోచించాననే ఒప్పుకుంటున్నాను. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు, మా బావమరిదికి అస్సలు సంబంధం లేదు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా చేశావా అంటే, ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకునేటప్పుడు చేసేవాణ్ణి, కానీ అది జీతమిచ్చే హాస్టలువాళ్లకు తెలుసు. ఉద్యోగంలో చేరాక ఆఫీసు వేళల్లో ఈ పని చేయనని హామీ ఇస్తున్నాను. హాల్లో నాతోపాటు ఇంకెవరైనా ఈ నేరానికి పాల్పడ్డారా అని అధికారిగారు అడిగారు. నేను తలెత్తి నాలుగు వైపులా చూశానండీ. అందరూ చకచకా గుండ్రాలు దిద్దుతున్నారు. అనుమానం రాదగ్గవాళ్లు ఒక్కరూ కనిపించలేదు."