ఉప్పు టీ మీద ఫిర్యాదు

దివిసీమ వాస్తవ్యురాలు కృపాకుమారి గారి హాస్యలేఖల గ్రంథం ‘ఇట్లు, మీ వినియోగదారురాలు’ గుడివాడలో ఘనంగా ఆవిష్కరింపబడిందని తెలుపుటకు సంతోషిస్తున్నాము. ఆవిడ ఊరి పేరు మాత్రం చెప్పడం లేదు. చెబితే ఆ ఊరివాళ్ళు నొచ్చుకుంటారు, చెప్పకపోతే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తమదే అనుకుని సర్దుకుంటాయి.

కృపాకుమారి గారు బందరులో ఒక ఆఫీసులో ముప్పై మూడేళ్ళు జనం ఫిర్యాదులు రాసుకున్నారు. రిటైరైన మర్నాడే, ఇక నా వంతు అని కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. “మూడు రెక్కలని చెప్పి అమ్మారు, తిరిగేటప్పుడు ఎంత లెక్కపెట్టినా ఒక్కటీ కనబడటం లేదు” అని ఫ్యాను కంపెనీకి రాశారు. ఆపి లెక్కపెట్టగలరని కంపెనీవారు వినయంగా మనవి చేసుకున్నారు. “మీ కాయిల్ వెలిగిస్తే మా వారు వీధిలోకి వెళ్ళిపోతున్నారు, దోమలు ఇంట్లోనే ఉంటున్నాయి” అని దోమల కాయిల్ కంపెనీకి రాస్తే, క్షమాపణతో పాటు ఒక పెట్టెడు కాయిల్స్ వచ్చాయి. కుటుంబ ప్రార్థన వేళ కుక్కరు శ్రుతి తప్పి విజిల్ వేస్తోందని, తమ వారు ఆ శ్రుతే పట్టుకుని పాడుతున్నారని రాస్తే ఏకంగా మెకానిక్కే దిగాడు. కుక్కరు బాగానే ఉందని, అయ్యగారు వారంటీలోకి రారని చెప్పి వెళ్ళాడు.

ఆవిష్కరణ సభలో సాహితీ సంఘం అధ్యక్షులు పూర్ణచంద్రరావు గారు, పుస్తకం చదవని కారణంగా, ముప్పావుగంట ధారాళంగా మాట్లాడారు. “ఈవిడది భయమెరుగని కలం. అన్యాయం కనబడితే ఊరుకోదు” అన్నారు.

ఆ కలానికి లొంగనిది ఒక్కటే, వీధి కుళాయి. అప్పటికి పదకొండేళ్ళుగా అందులో ఉప్పు నీళ్ళే వస్తున్నాయి. వీధి తరపున ఆవిడ నీళ్ళ ఆఫీసుకు ఎనిమిది అర్జీలు పెట్టారు. ప్రతిసారీ మూడో రోజుకల్లా, సమస్య పరిష్కరించబడిందని సెల్లుకు మెసేజి వచ్చేది. వెనకే ఫోనొచ్చి, సంతృప్తి చెందితే ఒకటి, చెందకపోతే రెండు నొక్కమనేది. రెండు నొక్కినవారికి కూడా ధన్యవాదాలు చెప్పేంత మర్యాద ఆ ఫోనుకుంది.

వీధి మొదట్లో నాగదుర్గ టీ బండి. భర్త పోయాక ఇద్దరాడపిల్లల్ని ఆ బండి మీదే చదివిస్తోంది. ఆ వేసవిలో నీళ్ళు మరీ ఉప్పెక్కి, బస్సు దిగినవాళ్ళు ఒక గుక్క తాగి గ్లాసు పెట్టేసి వెళ్తున్నారు.

“ఈ నెల చూసి బండి అమ్మేస్తానండి, అక్కగారూ. పెద్దదాన్ని కాలేజీ మానిపించి బందరులో బట్టల షాపులో పెట్టాలి,” అంది ఒక పొద్దున.

బాధ కలిగితే కృపాకుమారి గారికి అలవాటైన దారి ఒక్కటే, ఏదో ఒక కంపెనీకి రాయడం. “మీ టీపొడిలో ఉప్పు కలుస్తోంది, మా వీధంతా సాక్షి” అని టీ కంపెనీకి రాశారు.

వారం తిరక్కుండా అనిల్ కుమార్ అనే కంపెనీ ఆఫీసరు టై కట్టుకుని, గాజు గొట్టాల పెట్టెతో వచ్చాడు. నాగదుర్గ ఇచ్చిన టీ తాగి మొహం అదోలా పెట్టాడు. తరవాత కుళాయి నీళ్ళు పట్టి పరీక్ష చేశాడు.

“మా పొడిలో ఏ లోపమూ లేదండి. మీ నీళ్ళే ఉప్పు,” అన్నాడు.

వీధంతా చప్పట్లు కొట్టింది. బయటివాడు ఆ మాట అనడం పదకొండేళ్ళలో అదే మొదలు.

తమరి నీటివల్ల మా టీ పేరు చెడుతున్నదని కంపెనీ నీళ్ళ ఆఫీసుకు రాసింది. రెండొందల నలభై కుటుంబాలు చెప్పినా తెలియని ఉప్పదనం, కంపెనీ లెటర్‌హెడ్డు మీద చదవగానే అధికారుల నాలుకకు తగిలింది. తొమ్మిదో రోజుకల్లా మంచినీళ్ళ పైపు వేశారు. “ఒక ప్రతిష్ఠాత్మక సంస్థ టీ రుచి పాడవుతుంటే చేతులు కట్టుకు కూర్చునే యంత్రాంగం కాదిది” అని అధికారి వెంకటరత్నం గారు రిబ్బను కత్తిరించారు. పక్కనే బోర్డు పెట్టారు: “ఈ నీరు టీ నిమిత్తం మాత్రమే.” మంజూరు ఉత్తర్వులో అలాగే ఉంది మరి.

కుళాయి దగ్గర ఒక ఉద్యోగి రిజిస్టరుతో కూర్చున్నాడు. బిందె పెట్టినవాళ్ళు “టీకేనండి” అంటారు, ఆయన రాసుకుంటాడు. అదే వీధిలో ఉండే జెస్సీ తన ఎనిమిది నెలల పిల్లకు స్నానం కోసం రోజూ రెండు బిందెల టీ పట్టుకెళ్తుంది. నాగదుర్గ బండి దగ్గర మళ్ళీ జనం నిలబడుతున్నారు. పెద్దపిల్ల కాలేజీ బస్సెక్కుతోంది.

ఏడాది చివర రిజిస్టరు తిరగేస్తే, ఆ వీధిలో తలకు రోజుకు పదహారు లీటర్ల టీ తాగుతున్నట్టు తేలింది. అధికారులు చలించిపోయారు. టీ వ్యసనంపై అవగాహన సభ జరిపి, అధ్యక్షతకు పూర్ణచంద్రరావు గారిని పిలిపించారు. టీ మానడం ఆరోగ్యానికీ సాహిత్యానికీ ఎంత మంచిదో ఆయన వివరించారు. ఇక అందరూ ప్రమాణం చేయాలన్నారు.

వీధివాళ్ళు కృపాకుమారి గారి వైపు చూశారు. అది టీ కాదు, నీళ్ళని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆవిడ లేచారు కూడా.

“ఏదైనా ఫిర్యాదా అమ్మా? చెప్పండి,” అన్నారు వెంకటరత్నం గారు నవ్వుతూ. “కావాలంటే ఆ మంజూరు ఉత్తర్వు మళ్ళీ పరిశీలిస్తాం.”

నాగదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృపాకుమారి గారు చెయ్యి చాచి, రేపటి నుంచి టీ తగ్గిస్తానని అందరికంటే ముందు ప్రమాణం చేశారు. వెనక రెండొందల నలభై కుటుంబాల చేతులూ లేచాయి, పసిపిల్ల చెయ్యి జెస్సీ ఎత్తి పట్టుకుంది.

ఆవిడ నేరుగా ఇంటికి వెళ్ళి, సభలో అనలేని మాటలన్నీ కూడగట్టుకుని, సబ్బు సరిగ్గా నురగ రావడం లేదని సబ్బుల కంపెనీ మీద నిప్పులు కక్కుతూ నాలుగు పేజీలు రాశారు. వారంలో క్షమాపణ వచ్చింది.