పెయింటు అడుగున వంశం

“మనిషి పరువు వాడి ముఖంలో ఉండదు. వాడి కారు పెయింటు అడుగున ఉంటుంది!”

పురాతన వాహన సంరక్షక సంఘం వార్షిక సమావేశంలో ప్రెసిడెంటుగారు ఈ మహావాక్యం పలకగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిన మనిషి ఆ సంఘంలో సభ్యుడే కాదు. వెనక వరసలో, చేతులు లేని కుర్చీలో కూర్చున్న అతిథి. అక్కడ చేతులున్న కుర్చీలు సభ్యులకు, చేతులు లేనివి అతిథులకు. ఈ సంగతి ఏ నిబంధనలోనూ లేదు. కానీ నిబంధనలన్నీ మరిచిపోయినవాళ్ళు కూడా దీన్ని మాత్రం మరిచిపోలేదు.

ఆ అతిథి తూనికలూ కొలతల శాఖలో డిప్యూటీగా రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా ‘డిప్యూటీగారు’ అన్న పిలుపు ఆయన్ని వదల్లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోని తక్కెళ్ళన్నీ ఆయన్ని చూసి వణికాయి. ఇప్పుడు ఆయనే ఒక మనిషిని చూసి ఉడికిపోతున్నాడు. ఆ మనిషి సాక్షాత్తూ తోడల్లుడు. సంఘానికి సెక్రటరీ, మెరూన్ రంగు ఓపెన్ టాప్ కారుకు యజమాని, చేతులున్న కుర్చీకి హక్కుదారు.

“తమ్ముడూ, నువ్వు వెనకే కూర్చో. ముందు ఫ్యాను గాలి ఎక్కువ, నీకు పడదు,” అన్నాడు తోడల్లుడు ఎంతో ఆప్యాయంగా.

ఆ ఆప్యాయత డిప్యూటీగారి గుండెలో ముల్లులా దిగింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా ప్రకటించాడు.

“ఏమోయ్! మనం టాప్ లేని బండి కొంటున్నాం.”

భార్య కుట్టుమిషను ఆపింది. “మన స్కూటరుకి టాప్ ఎప్పుడుందండీ?”

“ఎగతాళి చెయ్యకు! మీ అక్క మొగుడికి ఉన్నది నాకెందుకు ఉండకూడదు?”

“బావగారికి బట్టతల కూడా ఉంది. అదీ తెచ్చుకుంటారా?”

కారు దొరికింది. ఊరి చివర ఒక కోళ్ళ షెడ్డు వెనక దొరికింది. స్టీరింగు ముందు ఒక పుంజు, వెనక సీట్లో దాని సంసారం. షెడ్డు యజమాని కారు గురించి బేరమే ఆడలేదు, కోళ్ళకు వేరే బస చూపించమని మాత్రం గట్టిగా పట్టుబట్టాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో శాంతి అనేది అతిథిలా వచ్చిపోయింది. ఇంజను బాగైతే బ్రేకులు అలిగాయి. బ్రేకులు దారికొస్తే కారు ఎడమకు తిరిగినప్పుడల్లా కుడి తలుపు తనంతట తానే తెరుచుకుని లోపలివాళ్ళకు వీడ్కోలు చెప్పింది. హారను ఒకసారి మోగితే ఆగేది కాదు. ఆగితే మళ్ళీ మోగేది కాదు. ఇక ఆ మడత టాపు! లేవమంటే లేవదు, లేస్తే పడుకోదు. ఒక రోజు సరిగ్గా సగం లేచి, డిప్యూటీగారి టోపీని ఊచల మధ్య కరుచుకుని అలాగే ఉండిపోయింది. పెయింటరు, భార్య, పక్కింటి డెంటిస్టు ముగ్గురూ కలిసి లాగితే టోపీ వచ్చింది. సగం.

“పన్నయితే మొత్తం వచ్చేది,” అన్నాడు డెంటిస్టు నిరాశగా.

టాపుకు కొత్త గుడ్డ భార్యే కుట్టింది. కుడుతూ అడిగింది, “కారు సరే. మరి మీ తాతగారి సంగతేం చేశారు?”

అసలు చిక్కు అదే! సంఘంలో చేరాలంటే కారు ఒక్కటీ ఉంటే చాలదు. ఆ కారెక్కి తిరిగిన పూర్వీకుడు ఉండాలి. ఆ పూర్వీకుణ్ణి కార్లో కళ్ళారా చూసిన ప్రత్యక్ష సాక్షి ఉండాలి. డిప్యూటీగారి అసలు తాత గోనెసంచులు కుట్టుకుని బతికాడు. సైకిలు దగ్గరికొస్తేనే ఆయనకు కళ్ళు తిరిగేవట.

అందుకని ఇంటి షెడ్డులో కారు, వరండాలో తాత ఒకేసారి మరమ్మతయ్యారు. కార్బొరేటరు శుభ్రమైన రోజు తాతగారికి తోటలొచ్చాయి. కొత్త టైర్లు పడ్డ రోజు ఆయనకు వేట అలవాటైంది. హెడ్‌లైట్లు వెలిగిన సాయంత్రం తాతగారు ఏకంగా పులినే కొట్టేశాడు.

“పులి వద్దండీ,” అంది భార్య. “టాప్ లేని కార్లో పులి మీదికి వెళ్ళాడంటే మీ తాత తెలివితక్కువవాడనుకుంటారు.”

డిప్యూటీగారు ఆలోచించి న్యాయంగా దిగొచ్చాడు. “సరే, జింక.”

సాక్షి ఒక్కరే దొరకలేదు. లేని మనిషిని చూసినవాళ్ళు దొరకడం కష్టమే మరి!

తనిఖీ రోజు రానే వచ్చింది. డిప్యూటీగారి గేటు ముందు సంఘం కార్లు వరసగా ఆగాయి. అన్నీ ఓపెన్ టాప్‌లే. తెల్లది, ఆకుపచ్చది, నీలంది, తోడల్లుడి మెరూన్‌ది, అన్నిటికన్నా ముందు ప్రెసిడెంటుగారి నల్లది. ప్రెసిడెంటుగారు దిగారు. ముందు ముక్కు, తర్వాత మిగతా ప్రెసిడెంటు. చిలకముక్కుకు రెండింతలున్న ఆ ముక్కంటే ఆయనకు ప్రాణం. “ఇది మా వంశపు ముద్ర! మా తాతగారిదీ ఇదే ముక్కు,” అని సంఘం హాల్లో తాతగారి పటం కూడా వేలాడదీశారు.

“నియమం మీకు తెలుసుగా డిప్యూటీగారూ?” అన్నారు ఆయన. “అడుగున ఏ రంగుంటే కారు ఆ రంగులోకే తిరిగి రావాలి. అక్షరం ఉంటే అక్షరంతో సహా! అదే నిజాయితీ!”

“చిత్తం. మా తాతగారి కాలంలో ఇది ముత్యపు రంగు,” అన్నాడు డిప్యూటీగారు. ముత్యపు రంగు డబ్బా అప్పటికే కొని మంచం కింద పెట్టుకున్నాడు.

పెయింటరు ఉప్పుకాగితం తడిపాడు. వాడి నోరు ఎప్పుడూ ఊరుకోదు. “గీకితే నిజం, పూస్తే అబద్ధం సార్. నేను రెండూ చేస్తా. రేటు ఒకటే.”

తలుపు మీద గుండ్రంగా రుద్దాడు. పైనున్న తెలుపు పోయింది. దాని కింద ఆకుపచ్చ వచ్చింది. ఇంకా రుద్దితే ఆకుపచ్చ లోపల ఎరుపు. చెట్టును నరికితే కనిపించే వలయాల్లా రంగు లోపల రంగు! అందరూ ముందుకు వంగారు. ఎరుపు కూడా పోయింది. అడుగున...

పసుపు! కళ్ళు చెదిరే, సిగ్గూ శరం లేని పసుపు. దాని మీద నల్లగా ఒక అక్షరం. ‘గో’.

“ఆహా!” అన్నాడు డిప్యూటీగారు తడుముకోకుండా. “మా తాతగారి బిరుదు అక్కణ్ణించే మొదలవుతుంది.”

“ఏం బిరుదు తమ్ముడూ?” తోడల్లుడి కళ్ళలో అనుమానం.

“అంటే... గో... చాలా పెద్ద బిరుదు. గీకితే తెలుస్తుంది.”

గీకితే తెలిసింది. ‘గో’ పక్కన ‘క’ వచ్చింది. దాని పక్కన మళ్ళీ ‘క’. డిప్యూటీగారి నుదుట చెమట పట్టింది. “ఇక చాల్లేవోయ్,” అన్నాడు. కానీ పెయింటరు చేయి ఊపు మీదుంది. తలుపు ఈ చివరి నుంచి ఆ చివరికి మొత్తం బయటపడింది.

‘గోకకండి! పూయండి! గజ్జి, తామర, దురదలకు మా మలాం ఒక్కటే మందు!’

వరండాలోంచి ఒక వింత శబ్దం వచ్చింది. డిప్యూటీగారి భార్య నోట్లో కొంగు కుక్కుకుంటోంది.

“తాతగారు జింకను కొట్టారన్నావు,” అన్నాడు తోడల్లుడు మెల్లగా. “దానికి గజ్జా తమ్ముడూ?”

ప్రెసిడెంటుగారు రెండడుగులు వెనక్కి వేశారు, ఆ అక్షరాలు అంటుకుంటాయేమో అన్నట్టు. “విచారకరం! దరఖాస్తు తిరస్కరించడమైనది. వీధివీధీ తిరిగి మలాం అమ్మిన బండికి మన సంఘంలో చోటా? ఛీ!”

అంతా గేటువైపు నడిచారు. చేతులున్న కుర్చీ కూడా వాళ్ళతోపాటు నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది డిప్యూటీగారికి. తల వంచుకున్నాడు. వంచుకున్న తలకు కారు ముందు అద్దం చట్రం ఎదురైంది. ఆ చట్రానికి రెండు బెజ్జాలు, వాటిలో కూరిన సీసం. మైకు గొట్టం బిగించిన చోటు.

తూనికల శాఖ మనిషి ఒకసారి చూసిన ముద్రను మరిచిపోడు. సరిగ్గా ఈ చోటే రెండు మరలు ఇంకెక్కడో చూశాడు... ఎక్కడ? తలెత్తాడు. ప్రెసిడెంటుగారి నల్ల కారు. సరిగ్గా అదే చోట, రెండు మరలతో బిగించిన వెండి జెండా కర్ర! తోడల్లుడి కారుకు అదే చోట ఇత్తడి దీపం. నీలం కారుకు అదే చోట నోరు తెరిచిన సింహం తల!

“అయ్యా, ఒక్క నిమిషం!”

డిప్యూటీగారు పెయింటరు చేతిలోంచి ఉప్పుకాగితం లాక్కున్నాడు. నడిచి వెళ్ళి ప్రెసిడెంటుగారి కారు బానెట్ మీద దాన్ని సున్నితంగా ఆనించాడు. రుద్దలేదు. ఊరికే ఆనించాడు.

“నియమం అందరికీ ఒకటే కదండీ?”

“ఆగు!!”

ఆ కేకకు పక్కింటి డెంటిస్టు కూడా కిటికీలోకొచ్చాడు. కేక వేసింది ప్రెసిడెంటుగారు. కానీ అంతకన్నా విచిత్రం వెనకాల జరిగింది. తోడల్లుడు పరుగున వెళ్ళి తన మెరూన్ తలుపుకు అడ్డంగా వీపు ఆనించి నిలబడ్డాడు. నీలం కారాయన కోటు విప్పి బానెట్ మీద కప్పాడు. తెల్ల కారాయన కారును కావలించుకున్నాడు. ఎవరూ గీకలేదు. ఏ కారు మీదా గీత పడలేదు. అయినా అందరికీ అందరి రంగూ కనిపించేసింది!



“మలాం కంపెనీ మూతపడ్డప్పుడు బళ్ళన్నీ ఒకేసారి వేలం వేశారు,” గొణిగాడు ఆకుపచ్చ కారాయన. “మా నాన్న ఒకటి పాడాడు.”

“మా నాన్న కూడా,” అంది కోటు కప్పిన బానెట్ వైపు నుంచి ఒక గొంతు.

“అన్నయ్యగారూ, మీరు కూడానా?” అన్నాడు డిప్యూటీగారు తియ్యగా.

“మాది చివరి పాట తమ్ముడూ. కొంచెం చవగ్గా వచ్చింది,” అన్నాడు తోడల్లుడు నేలచూపులు చూస్తూ.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. “వేలం అనే మాట మినిట్సులో రాయకండి!”

అత్యవసర సమావేశం అక్కడే, కారుతో వచ్చిన కోళ్ళ వాసన ఇంకా వదలని డిప్యూటీగారి షెడ్డులోనే జరిగింది. ఏకగ్రీవంగా సవరణ ఆమోదించారు. ‘అసలు రంగు అనగా సభ్యుడు గుర్తుంచుకోదలచిన రంగు.’ సంఘం ఆవరణలోకి ఉప్పుకాగితం తేవడం నిషేధం. డిప్యూటీగారికి ప్రత్యక్ష సాక్షి నియమం నుంచి మినహాయింపు. తాతగారిని తోటలతో సహా ఆమోదించారు.

“జింక?” అడిగాడు డిప్యూటీగారు.

ప్రెసిడెంటుగారు పళ్ళు కొరుకుతూ అన్నారు, “జింకతో సహా.”

అలా డిప్యూటీగారికి చేతులున్న కుర్చీ వచ్చింది. పసుపు మీద ముత్యపు రంగు పడింది. రేటు అదే. నియమాలు మారినా సంఘంలో ఒక కొత్త అలవాటు మాత్రం ఎవరూ చెప్పకుండానే స్థిరపడింది. సమావేశాల్లో ఎవరూ గోక్కునేవారు కాదు! దోమ కుట్టనీ, చీమ పాకనీ, చేతులు కుర్చీ చేతుల మీదే ఉండేవి. గోక్కుంటే పక్కవాడు ఏమనుకుంటాడో!

ఇక ఊరేగింపు. పట్టణమంతా రోడ్డుకు రెండువైపులా నిలబడింది. టాపులు దించిన కార్లు వరసగా, నత్తనడకన కదిలాయి. ఎండ మండుతోంది. చిన్న చిన్న పురుగులు గుంపుగా వచ్చి పెద్దమనుషుల మెడల మీద, చెవుల మీద వాలాయి. ఒక్కరూ చేయి కదపలేదు. బొమ్మల్లా నిటారుగా కూర్చున్నారు. మొత్తం ఊరేగింపులో హాయిగా మోచేయి గోక్కుంటున్న మనిషి డిప్యూటీగారి భార్య ఒక్కతే.

“నీకు పుణ్యముంటుంది, ఆపవే!” పళ్ళ మధ్యనుంచి అన్నాడు ఆయన.

“దురద నాది, పరువు మీది. దేన్ని పట్టించుకోమంటారు?”

కూడలి దగ్గర కార్లు ఆగాయి. తమ ముందున్న కార్లో తోడల్లుడు మైకు పట్టుకుని వంశాల వర్ణన మొదలుపెట్టాడు. అప్పుడే పేవ్‌మెంటు మీద, మడత కుర్చీలో కూర్చున్న ఒక పండు ముసలమ్మ చప్పున లేచి నిలబడింది. చేతికర్రతో కార్లను చూపించింది.

“ఈ బళ్ళు నాకు తెలుసు! చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని!”

డిప్యూటీగారి గుండె గంతులేసింది. సాక్షి! ప్రత్యక్ష సాక్షి! అన్ని నెలలు చెప్పీ చెప్పీ ఆయనకు తాతగారి మీద నిజంగానే నమ్మకం కుదిరిపోయింది. మినహాయింపు మీద వచ్చిన సభ్యత్వం ఇక సాక్ష్యంతో నిలబడుతుంది! భార్య చొక్కా పట్టుకుని లాగుతున్నా వినకుండా కారు దిగాడు. తోడల్లుడి చేతిలోంచి మైకు లాక్కుని ముసలమ్మ నోటి ముందు పెట్టాడు.

“చెప్పండి మామ్మగారూ, గట్టిగా చెప్పండి! కార్లో ఒక దొర ఉండేవాడు కదూ? ఎలా ఉండేవాడు?”

“దొరా?” ముసలమ్మ గొంతు కూడలి నాలుగువైపులా మోగింది. “దొర ఎవడు బాబూ? ఇవి గజ్జి మలాం బళ్ళు కదూ! పసుపుపచ్చగా, ఇలాగే వరసగా వచ్చేవి. వెనక సీట్లో ఒకాయన నిలబడి మైకులో అరిచేవాడు. ఆయన అరుపుకి పసిపిల్లలు నిద్రలేచేవాళ్ళు. ఆయనకొక ముక్కుండేది...”

ఆమె కర్ర నల్ల కారు ముందు ఆగింది. ముసలి కళ్ళు చిట్లించుకుని పైకి చూసింది. ముఖం విప్పారింది.

“అదే ముక్కు! నువ్వు ఆయన మనవడివి కదూ నాయనా?”

జనం నవ్వు ఒక మూల మొదలై కూడలంతా పాకింది. ప్రెసిడెంటుగారు కదల్లేదు. రాతిబొమ్మలా ముందుకే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఒక పురుగు ఎగిరొచ్చి ఆ వంశపు ముద్ర కొన మీద తీరిగ్గా వాలింది. ఆయన కళ్ళు మెల్లగా దాని మీదికి దిగాయి. నుదురు చెమర్చింది. బుగ్గలు అదిరాయి. ఇక తట్టుకోలేక చేయి లేచింది...

“గోకకు నాయనా!” మైకులో ముసలమ్మ కేక. “మీ తాత అంత గొంతు చించుకుని చెప్పాడే! పూసుకో!”