నాలుగు డిగ్రీల చెమట

మనిషి మాట నమ్మదగింది కాదనీ, సెన్సర్ మాట కాదనడానికి మనిషికి అర్హత లేదనీ మా ఊరి వాహన ధ్రువీకరణ కార్యాలయం ఏనాడో తీర్మానించింది. నాగరికత ఇంకా నిలబడి ఉందంటే అందులో ఈ తీర్మానం వాటా తక్కువేమీ కాదు. (మిగతా వాటా, క్యూలో నిలబడే మనది.)

ఆ కార్యాలయంలో గాలి విభాగం అని ఒకటుంది. పరీక్షకొచ్చిన కారుకి అక్కడ కేబుల్ తగిలిస్తారు. ఇంజిన్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో కారులోని ఓ చిన్న సెన్సర్ చెబుతుంది, ఆ సంఖ్య తెర మీద పడుతుంది. ఒక్కో కారుకీ ఒక్కో వాతావరణం నమోదు చేస్తుంటే పని పెరిగిపోతోందని, పొదుపు చర్యల కింద ఒక సర్దుబాటు చేశారు. పొద్దున్నే వచ్చిన మొదటి కారు ఎంత చెబితే ఆ రోజంతా హాల్లో అదే ఉష్ణోగ్రత. గోడకుండే థర్మామీటరుని అప్పుడే పీకేశారు. అది నెట్‌వర్క్‌కి కలిసి లేదు కాబట్టి దాని మాట వ్యక్తిగత అభిప్రాయం కిందికి వస్తుందట.

మా బావకి ఈ సంగతి తెలియదు. బావంటే మా అక్క మొగుడు, టాక్సీ నడుపుతాడు. ఆయన బెంగల్లా పికప్ గురించే. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే స్కూలు బస్సులు కూడా దాటేసి పోతున్నాయనీ, వెనకసీట్లో ప్యాసింజరు నిట్టూర్చినప్పుడల్లా తల కొట్టేసినట్టుంటోందనీ వాపోయేవాడు. దీనికి మందు కనిపెట్టినవాడు సైలెన్సర్ అన్న. సైలెన్సర్ అన్న మా వీధి చివరి మెకానిక్. ఆయన నోరు ఒక్క క్షణం మూతపడదు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాం.

"చూడు తమ్ముడూ, సెన్సర్ వైరుకి బియ్యపుగింజంత రెసిస్టర్ ఒకటి తగిలిస్తా. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, గాలి చల్లగా ఉందనుకుంటుంది బండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది కదా, అందుకని పెట్రోలు ఇంకాస్త పోసుకుంటుంది. ఇక చూస్కో, రయ్యిమని పోతుంది."

"అబద్ధం చెప్పడం కాదూ అన్నా?" అన్నాడు బావ.

"చెప్పేది బండి. మనం చెప్పట్లేదుగా!"

నైతిక ప్రశ్న అంతటితో పరిష్కారమైంది. పికప్ నిజంగా పెరిగిందో లేదో నాకు తెలియదు గానీ, బావ మాత్రం ఆ వారమంతా కాలర్ ఎగరేసుకుని తిరిగాడు.

ఇంతలో టాక్సీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి గడువు దగ్గరపడింది. అది లేకపోతే బండి రోడ్డెక్కదు, బండి రోడ్డెక్కకపోతే అక్కావాళ్ళ ఇల్లు గడవదు. అందుకని నడివేసవిలో ఓ పొద్దున్నే బావ కార్యాలయం గేటు తీయకముందే వెళ్ళి మొదటి స్థానం కొట్టేశాడు. ఆయన వెనకాలే నా డొక్కు కారుతో నేను.

"మనమే ఫస్ట్ బామ్మర్దీ!" అని కన్నుగీటాడు.

కేబుల్ తగిలించారు. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా బానెట్‌కి సీలు వేశారు. తెర మీద నాలుగు డిగ్రీలని పడింది.

గాలి అధికారి లేచి నిలబడ్డారు. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ముఖంలో మాత్రం ఏ అభిప్రాయమూ లేదు.

"నేటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు. శీతాకాల విధానం అమల్లోకి వచ్చింది."

ఫ్యాన్లు ఆపేశారు. కిటికీలు మూసేశారు. అటెండరు బీరువా తెరిచి, సంతకాలు పెట్టించుకుంటూ ఉద్యోగులకి స్వెటర్లు పంచాడు. చల్లటి నీళ్ళ యంత్రానికి ప్రజారోగ్యం దృష్ట్యా తాళం పడింది. టైపిస్టు అమ్మగారు మంకీ క్యాప్ పెట్టుకున్నారు. అందులోంచి కనిపిస్తున్న కళ్ళు ఎవరి కారు ఇదంతా చేసిందా అని వెతుకుతున్నాయి.

బావ కారు మాత్రం పరీక్షలన్నీ ఇట్టే దాటేసింది. ఇంత చలిలోనూ తాళం తిప్పగానే స్టార్టయినందుకు ప్రత్యేక ప్రశంస కూడా దక్కింది. బావ మొహం చాటంతయింది. అప్పుడే అధికారి చూపు కారు మీంచి బావ మీదికి మళ్ళింది.

"మీకు చెమటలు పడుతున్నాయి."

"ఉక్కగా ఉంది సార్."

"నాలుగు డిగ్రీలు."

"అంటే... కొంచెం..."

"నాలుగు డిగ్రీల్లో ఇలా కారుతోందంటే ఒంట్లో బాగోలేదన్నమాట. డ్రైవరు కూడా బండిలో కదిలే భాగమే. పదకొండో నిబంధన." బావ లైసెన్సు తీసుకుని సొరుగులో పెట్టేశారు. "కారు ఫిట్. మీరు అన్‌ఫిట్. నయమయ్యాక రండి."

"ఎప్పటికి నయమవుతుంది సార్?"

"ఇదే కారు పక్కన, ఇదే హాల్లో, చెమట పట్టకుండా నిలబడగలిగిన రోజున."

నాకు ముందు నవ్వొచ్చింది. బావ మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఇంటికెళ్ళి అక్కకి ఏమని చెబుతాడు? బావ రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయింది సార్! కారే అబద్ధం చెబుతోంది. నేనే రెసిస్టర్ పెట్టించాను. బానెట్ తెరవనివ్వండి, పీకి చూపిస్తాను."

అధికారి ఆయన వైపు నిజమైన జాలితో చూశారు. "సీలు వేశాక కారు చెప్పిందే సత్యం అండీ." తరవాత టైపిస్టు వైపు తిరిగారు. "రాసుకోండమ్మా. తన కారు అబద్ధాలాడుతోందంటున్నాడు. సంధి ప్రేలాపన కూడా మొదలైంది."

"బామ్మర్దీ, నువ్వైనా చెప్పరా! ఉక్కపోతతో చస్తున్నామా లేదా?"

అధికారి హాలంతా కలయజూశారు. "ఇక్కడ ఇంకెవరికైనా ఉక్కగా ఉందా?"

వరుసలో టాక్సీలవాళ్ళు, ఆటోలవాళ్ళు, స్కూలు వ్యాన్లవాళ్ళు ఉన్నారు. అందరి చేతుల్లోనూ లైసెన్సులున్నాయి. వ్యాను డ్రైవరు అరచేతులు రుద్దుకున్నాడు. ఆటో అతను చొక్కా కాలరు చెవుల దాకా లాక్కున్నాడు. నా వెనకున్నావిడ పళ్ళు కటకటలాడించింది, చాలా సహజంగా.

బావ నావైపే చూస్తున్నాడు. తరవాతి కారు నాది.

"కాస్త చలిగానే ఉంది బావా," అన్నాను, నుదురు తుడుచుకోకుండా.