రెండడుగుల గడ్డి

శనివారం పొద్దున కాఫీ తాగి, గోంగూర మడికి నీళ్ళు పట్టి, ఆ తర్వాత కూతురు భావనతో కూరగాయలకు వెళ్ళాలని కోటయ్య అనుకున్నాడు. కాఫీ అయింది. నీళ్ళు పట్టబోతుండగా పక్కింటి హెరాల్డ్ గడ్డి కోసే బండి మీద వచ్చి, మడికి జానెడు దూరంలో మలుపు తిరిగి వెళ్ళాడు. కోటయ్య పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆయన ముప్ఫై ఏళ్ళు మండల సర్వేయరుగా పనిచేసినవాడు. అమెరికాలో కూతురుండే బెంటన్‌విల్ వచ్చిన వారంలోనే కాలనీ భూములన్నిటినీ మనసులో విభజించేశాడు. రోడ్డు సర్కారుది, చెరువుగట్టు పోరంబోకు, ఇళ్ళున్నది పట్టా. పట్టాకీ పట్టాకీ మధ్య గోడా గట్టూ లేకపోవడమే ఆయనకు మింగుడుపడలేదు.

"అల్లుడుగారూ, ఆ ముసలాయన రెండడుగులు మన స్థలంలోకి వచ్చేశాడు."

"పోనీలెండి మావయ్యగారూ, మన గడ్డి కూడా ఫ్రీగా మో చేసిపెడుతున్నాడు," అన్నాడు ఫణి, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"ఊరికే ఎవడు చేస్తాడండీ? మా దగ్గరా ఇంతే. ఏటా ఒక్కో చాలు అటు జరిపి దున్నుతారు. పదేళ్ళకు చూస్తే మన బావి వాళ్ళ పొలంలో ఉంటుంది."

"ఇక్కడ అలా చెయ్యరు నాన్నా," అంది భావన.

"నేలంటూ ఉంటే ఎక్కడైనా చేస్తారే!"

రెండు నెలలైతే ఆయన తిరుగు ప్రయాణం. తను విమానం ఎక్కిన మర్నాడే ఆ బండి మడి మీదుగా పోతుందని ఆయన అనుమానం. అందుకే మర్నాటి నుంచి రోజూ వాకింగుకు సంచి పట్టుకెళ్ళి, చెరువుగట్టు మీది రాళ్ళు ఒక్కొక్కటే తెచ్చాడు. ఏడు రాళ్ళకు తెల్లరంగు పూసి, పోస్టు డబ్బా నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ మడికి అవతల వరసగా పాతాడు.

రాళ్ళు పాతాక వచ్చిన శనివారం హెరాల్డ్ వచ్చి, రాళ్ళను చూసి బండి ఆపాడు. టోపీ తీసి, తలవంచి ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి కోసుకుపోయాడు.

"చూశారా? తప్పు ఒప్పుకున్నాడు!" అన్నాడు కోటయ్య.

మూడు వారాలకు ఆ నాలుగడుగుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. గడ్డి వెంటనే కోయించాలి. చెరువు దగ్గర ఏడు రాళ్ళు కనబడడం లేదు, తెలిసినవాళ్ళు చెప్పాలి.

"నాన్నా, ఆ రాళ్ళు..."

"పోరంబోకువే."

"పోరంబోకు కాదు నాన్నా, కాలనీలో అందరివీ!"

"అందరివీ అంటే పోరంబోకే కదే! ఇది మాత్రం ఆ ముసలాయన పెట్టిన కంప్లైంటే. సర్వే చేయించండి. కొలత అబద్ధమాడదు."

గడ్డి ఎవరు కోయించాలో తేలక ఫణి కూడా చివరికి సర్వేయరును పిలిచాడు. వచ్చినాయన మూడుకాళ్ళ యంత్రం పెట్టి, ఇనుము తగిలితే కూతపెట్టే కర్రతో నేల వెతుకుతుంటే కోటయ్య వెనకాలే నడిచాడు. కర్ర తెల్లరాళ్ళ దగ్గర కూయలేదు. గోంగూర మడి దగ్గరా కూయలేదు. మడి దాటి రెండడుగులు ఇంటివైపు వచ్చాక గట్టిగా కూసింది. అక్కడ తవ్వితే ఇనుప హద్దు కడ్డీ బయటపడింది.

గోంగూర మొత్తం హెరాల్డ్ స్థలంలో ఉంది.

చప్పుడు విని హెరాల్డ్ వచ్చాడు. ఫణి క్షమాపణ చెబుతుంటే ఆయన నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏవంటున్నాడు?" అన్నాడు కోటయ్య.

"మీరు విత్తనాలు చల్లిన రోజు నుంచీ తెలుసట. పెద్దాయన ముచ్చటపడి వేసుకున్నాడు కదా అని మడి చుట్టూ తిరిగి కోస్తున్నాడట. ఆ రాళ్ళు చూసి మనింట్లో పెంపుడు జంతువేదో పోతే అక్కడ పాతిపెట్టామనుకున్నాడట. కడ్డీ ఎక్కడుంటే నాకేం, మొక్కలు అక్కడే ఉండనివ్వండి అంటున్నాడు."

ఇంత చెప్పినా కోటయ్య మొహం విచ్చుకోలేదు. అల్లుణ్ణి పక్కకు పిలిచాడు.

"జాగ్రత్త అల్లుడుగారూ. హద్దు తెలిసీ నోరెత్తనివాడు మామూలు మనిషి కాదు."

రాళ్ళు ఏడూ వచ్చిన సంచిలోనే చెరువుగట్టుకు తిరిగి వెళ్ళాయి. గడ్డి హెరాల్డే కోసేశాడు. ఆ సాయంత్రం కోటయ్య లేత గోంగూర పెద్ద కట్ట కోసి, అల్లుణ్ణి పక్కింట్లో ఇచ్చి రమ్మన్నాడు.

"మంచి పని చేశారు నాన్నా, గిఫ్ట్ ఇస్తే సంతోషిస్తాడు," అంది భావన.

"గిఫ్టేంటే? అది కౌలు," అన్నాడు కోటయ్య.

ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవడం మరిచిపోవద్దని అల్లుడికి మరీ మరీ చెప్పాడు.