తడి సరుకు

సీసా ఎక్కడ పెట్టాలన్న దానిమీద పొద్దున్నే గొడవ మొదలైంది.

"ఊరగాయ జాడీల పక్కన పెట్టావేంట్రా దాన్ని?" అంది భద్రమ్మ.

"పార్సిల్ కట్టేదాకానేనమ్మా," అన్నాడు మల్లేశ్వరరావు.

సీసాలో ఉన్నది అతని భార్య వెంకటరావమ్మ మోచేతి నుంచి డాక్టరు కోసి తీసిన చర్మం ముక్క. చేతులమీద ఊదారంగు మచ్చలు లేచిన నాటినుంచి, కుష్ఠేమోనని అత్తగారు ఆమెను వంటింట్లోకి రానివ్వడం లేదు. ఆమె విస్తరి అరుగుమీదే. మద్రాసులో మైక్రోస్కోపు కింద చూసి తేలుస్తారు. కుష్ఠయితే పుట్టింటికి పంపేస్తారు. ఆ మాట ఆమె ఎదుటే అనుకున్నారు.

మామగారు చౌడయ్య వన్ టౌన్‌లో ముప్ఫై ఏళ్లుగా చీరలు పార్సిల్ చేస్తున్నవాడు. మూత తీసి చూశాడు.

"తడి సరుకు పంపితే దారిలోనే కుళ్లుతుంది. డాక్టరుకేం తెలుసు?"

డాక్టరు పోసిన ఘాటు మందునీళ్లు పారబోసి, ముక్కను వేళ్లతో తీసి, రంగు వెలిసిపోకుండా నీడన ఆరబెట్టాడు. శాంపిలు గుడ్డలాగా అట్టకంటించి మద్రాసు పంపాడు.

మూడోనాటికి ఆయన వేళ్లు ఎర్రబడి పొక్కాయి.

"అంటుకుందిరో దేవుడా!" అని భద్రమ్మ ఆయన విస్తరి కూడా అరుగుమీదికి తోసింది. చీరలు నేయడానికి ఆయన దగ్గర నూలు పట్టుకెళ్లే సాలెవాళ్లు వీధి మలుపు నుంచే వెనక్కి తిరిగారు.

"పప్పు మాడింది కదమ్మా," అన్నాడు చౌడయ్య అరుగు ఆ చివర నుంచి.

"రోజూ అంతే మామయ్యా," అంది కోడలు ఈ చివర నుంచి.

పదిహేనో రోజున జాబు వచ్చింది. మల్లేశ్వరరావు మొదటి వాక్యం చదివాడు: "ఏ జబ్బో చెప్పలేము."

"మద్రాసువాళ్లకే అంతుపట్టలేదా!" అని భద్రమ్మ కూలబడింది. కోడలి పెట్టె సర్దించింది కూడా.

కబురందుకుని వచ్చిన డాక్టరు మిగతా జాబు చదివాడు. "ముక్క ఎండబెట్టి పంపారట. మందునీళ్లలోంచి తీసిందెవరు?"

చౌడయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చూపించండి. ఇది అంటుకున్నది కాదండీ, ఆ మందు పడక వచ్చిన పొక్కులు."

ఆ పూటే చౌడయ్య విస్తరి లోపలికి వెళ్లింది. వెంకటరావమ్మ రెండో మోచెయ్యి కోయించుకుని, మరో నెల అరుగుమీదే ఒంటరిగా తింది.

ఈసారి ముక్కను డాక్టరే పంపాడు. జబ్బు పేరు లైకెన్ ప్లానస్ అని జాబు వచ్చింది. చర్మంలో వాపే గాని కుష్ఠు కాదు, ఎవరికీ అంటదు.

మధ్యాహ్నం పంక్తిలో కోడలికీ విస్తరి వేసి, "రావే తల్లీ. రేపట్నుంచి వంట నువ్వే," అంది భద్రమ్మ.

వెంకటరావమ్మ గడప దాటలేదు.

"నాకిక్కడే బాగుందత్తయ్యా. ఇన్నాళ్లూ మీరు వండి ఇక్కడికే తెచ్చారు. ఇకమీదటా అలాగే తెండి."

లోపల పొయ్యిమీద పప్పు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.