గోరుమందం

చిన్నకోడలి సామాను తీసుకెళ్ళే వ్యాను వచ్చేలోగా, కోడళ్ళిద్దరినీ కలిపి ఒక్క వీడియో తీయించుకోవాలన్నది అత్తగారి కోరిక. ఇవాళ దాటితే ఒకరు ఊరికి ఈ చివర, ఒకరు ఆ చివర. ఇద్దరూ ఒకచోట కనబడే రోజు మళ్ళీ వస్తుందో రాదో అని ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. చిక్కల్లా ఒకటే. పాలగిన్నె మీద మూత పెట్టనిది ఎవరన్న విషయంలో వేసవిలో తేడా వచ్చి, అప్పటినుంచీ కోడళ్ళకు మాటలు లేవు.

పెద్దకోడలి కూతురు పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తుంది. తన కొత్త డిజిటల్ కెమెరా బయటికి తీసింది.

"మీ తాతయ్య అద్దంతోనే తియ్యవే. ఆయన కూడా చూసినట్టుంటుంది," అంది బామ్మ.

తాతయ్య సినిమా కెమెరామన్. ఆయన వదిలి వెళ్ళిన లెన్సు చూడ్డానికి పిడికెడు, ఎత్తితే ఇటుకంత బరువు. అది కొత్త కెమెరాకు పట్టదు, మధ్యలో ఒక రింగు కావాలి. మనవరాలు కొలతలు చెబితే, బామ్మ తనే లేత్ షాపుకు వెళ్ళి ఆ రింగు చేయించుకొచ్చింది.

మనవరాలు లెన్సు బిగించి తెరలోకి చూసింది. కిటికీ దగ్గర నిలబడ్డ తల్లి పొగమంచులో ఉంది. గుమ్మం దగ్గర పిన్నీ పొగమంచులోనే ఉంది. ఎంత తిప్పినా, చాపిన చెయ్యి దూరంలో ఉన్నదే స్పష్టంగా కనబడుతోంది.

"పిన్నీ, కాస్త ముందుకు రా."

చిన్నకోడలు వచ్చింది. కనురెప్పల వెంట్రుకలతో సహా తెరమీదికి వచ్చింది. పెద్దకోడలు తొంగి చూసింది.

"బావుందే. పిన్ని మెరిసిపోవాలి, కన్నతల్లికి బూజు పట్టాలి."

"నువ్వూ రా అమ్మా."

ఆవిడ రాగానే చిన్నకోడలు రెండడుగులు వెనక్కి వేసింది. ఈసారి బూజు ఈవిడకు పట్టింది.

"పోయేవాళ్ళం. చెరిపేస్తే మాత్రం ఎవరికి నష్టం?" అంది చిన్నకోడలు గోడతో.

మనవరాలు విసిగిపోయి కొత్త లెన్సు పెడదామనుకుంది. పాతది ఊడి రాలేదు. ఈలోగా వ్యాను వచ్చింది, సోఫా వెళ్ళిపోయింది. సంగతి విన్న డ్రైవరు సాయం చేద్దామని పెద్ద పానా పట్టుకొచ్చాడు. బామ్మ దాన్ని చూసి గుండె పట్టుకుంది.

"వద్దు నాయనా. తడిదుప్పటి పిండినట్టు పిండితే అదే వస్తుంది. అమ్మాయిలూ, మీరు పట్టండి."

ఆ ఇంట్లో దుప్పట్లు పిండేది వాళ్ళిద్దరే. మాటలు లేని రోజుల్లో కూడా ఒకరు అటు, ఒకరు ఇటు, నోరు మెదపకుండా పిండేవారు. ఇప్పుడు పెద్దకోడలు కెమెరా పట్టింది, చిన్నకోడలు లెన్సు పట్టింది.

"అటు కాదు."

"ఎటో నాకు తెలుసు."

"పాలగిన్నె రోజునా ఇదే మాట అన్నావు."

"ఆ మూత సంగతి ఇంకా మోస్తున్నావా? ఇలా తే. నువ్వు ఇటుపక్క పట్టుకో అక్కా."

అక్కా అన్న మాటకు ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు. చేతులు మార్చుకుని మళ్ళీ తిప్పారు. చెయ్యి జారింది. సామాను లేని గదిలో ఇద్దరూ ఒకరిమీద ఒకరు కూలబడ్డారు. ముందు నవ్విందెవరన్నది తర్వాత తగువైంది. లెన్సు మాత్రం కదల్లేదు.

వ్యాను హారను కొట్టింది.

"ఇక దుప్పట్లు ఎవరితో పిండుతావు?" అంది చిన్నకోడలు గుమ్మంలో ఆగి.

"ఆదివారం వస్తావుగా. నానబెట్టి ఉంచుతాను."

సాయంత్రం కెమెరా పట్టుకుని మనవరాలు లేత్ షాపుకు వెళ్ళి మేస్త్రీని నిలదీసింది.

"మీరు చెప్పిన కొలతకు ఇంకో గోరుమందం కలపమన్నది మీ బామ్మగారే," అన్నాడు మేస్త్రీ. "ఊడి రాకుండా బిగువుగా కూడా ఉండాలన్నారు. రింగు మందమైతే దూరంగా నిలబడ్డవాళ్ళు స్పష్టంగా కనబడరని తాతగారు చెప్పేవారట."

ఇంటికి వచ్చేసరికి బామ్మ, కెమెరాలోంచి ముందే తీసి దాచుకున్న మెమరీ కార్డు టీవీకి పెట్టించుకుని దాని ముందు ఉంది. పొద్దున హడావిడిలో రికార్డింగు ఆపడం మనవరాలు మరిచిపోయింది. తెరనిండా కోడళ్ళ ముఖాలు వంతులవారీగా గిర్రున తిరుగుతూ తిట్టుకుంటున్నాయి. ఒక్క వెంట్రుకైనా మసకగా లేదు.

"గోరుమందం ఎందుకు కలిపించావు బామ్మా?"

"పొరపాటేనే," అంది బామ్మ తెరమీంచి చూపు తిప్పకుండా. "రెండు గోళ్ళ మందం కలిపించాల్సింది."